హాకీ ప్రదర్శన పోటీలు - ప్రేక్షకుల వినోదం : ఒక పరిశీలన

విద్యాలయాలలో చదువుకు ఎంతటి ప్రాముఖ్యం ఉందో క్రీడలకూ అంతటి ప్రాముఖ్యం ఉందని ప్రతి వార్షికోత్సవంలోనూ వక్తలు సెలవిస్తూనే ఉంటారు. అయితే ఆడేవారికి కలిగే మేలును గురించి చెప్పినంతగా, చూసేవారికి కలిగే ఆనందాన్ని గురించి ఎవరూ చెప్పరు. ఈ వ్యాసంలో ఆ రెండవ విషయాన్ని, హాకీ ప్రదర్శన పోటీలను ఆధారంగా చేసుకొని, పరిశీలించదలచాము.

ఈ పరిశీలనకు కారణం మన మైదానంలోనే ఉంది. వార్షిక క్రీడోత్సవం చివరి రోజున పూర్వ విద్యార్థుల జట్టుకూ, ప్రస్తుత విద్యార్థుల జట్టుకూ హాకీ పోటీ జరపడం మన ఆచారం. గత పోటీ ఆరంభంలో మైదానం చుట్టూ, వేపచెట్ల క్రింద, ప్రహరీగోడ మీద సైతం విద్యార్థులు కిక్కిరిసి ఉన్నారు. విరామ సమయానికి సగం మంది వెళ్ళిపోయారు. చివరి ఈల వేసేసరికి మిగిలినవారు ఆటగాళ్ళ బంధువులు, సోడాబండి యజమాని, మేము. ఫలితం చెరి ఎనిమిది గోల్స్. పదహారు గోల్స్ పడిన ఆటను చూడలేక జనం లేచిపోవడం ఏమిటి? పెద్దలకు దెబ్బ తగలరాదని ప్రస్తుత విద్యార్థులు అడ్డగించలేదు. పిల్లల ముందు అలసిపోయి కనబడరాదని పూర్వ విద్యార్థులు పరుగెత్తలేదు. ఇరుపక్షాలవారూ మర్యాదస్తులే, ఆ మర్యాదే ఆటను చంపింది.

ఇటువంటి పోటీని కార్యక్రమం నుండి తొలగించడమే మేలన్న సూచన క్రీడా సంఘం సమావేశంలో వచ్చింది. తొలగించే ముందు ఇదే చిక్కు పడిన ఇతరులు ఏమి చేశారో తెలుసుకోవడం మంచిదని మా అభిప్రాయం.

ప్రదర్శన పోటీ పుట్టుక

పేరుపొందిన ఆటగాళ్ళను వేర్వేరు జట్ల నుండి ఏరి ఒకచోట ఆడించే ఆనవాయితీ అనేక దేశాలలో కలదు. ఉత్తర అమెరికాలో దీనిని ‘ఆల్‌స్టార్’ పోటీ అంటారు. అక్కడి ప్రజలు హాకీ అనగానే తలచుకొనేది మంచుపలకపై ఆడే హాకీని. ఆటగాళ్ళు కాళ్ళకు ఉక్కు అంచుల బూట్లు తొడుక్కొని జారుతూ, బంతికి బదులుగా గట్టి రబ్బరు బిళ్ళను కర్రలతో కొడతారు. గోల్‌కీపరుతో కలిపి జట్టుకు ఆరుగురు. ఒకరినొకరు ఒంటితో ఢీకొనడం ఆ ఆటలో చాలావరకు నిబంధనలకు లోబడినదే.

ఈ పోటీల ఆరంభం వినోదం కోసం జరగలేదు. 1933 డిసెంబరులో బోస్టన్ జట్టు ఆటగాడు ఎడ్డీ షోర్ వెనుకనుండి ఢీకొనగా, టొరంటో జట్టుకు చెందిన ఏస్ బెయిలీ తల మంచుపలకకు తగిలి పుర్రె చిట్లింది. ప్రాణం దక్కింది కాని ఆయన మరల ఆడలేకపోయాడు. ఆయన సహాయార్థం 1934 ఫిబ్రవరి 14న టొరంటో జట్టుకూ, మిగిలిన జట్ల మేటి ఆటగాళ్ళకూ ఒక పోటీ ఏర్పాటు చేశారు. ఆ మేటి జట్టులో షోర్ కూడా ఉన్నాడు. ఆట మొదలయ్యే ముందు, అందరూ చూస్తుండగా, బెయిలీ తన్ను పడగొట్టిన షోర్‌తో కరచాలనం చేశాడు. టొరంటో 7-3 తేడాతో గెలిచింది. తరువాత 1947లో ఇది ఏటేటా జరిగే వేడుకగా మారింది. అప్పుడు కూడా వచ్చిన ఆదాయంలో కొంత ఆటగాళ్ళ పింఛను నిధికి చేరేది.

మొదటి పోటీలో ప్రేక్షకులను కూర్చోబెట్టినది గోల్స్ సంఖ్య కాదని విద్యార్థులు గమనింతురుగాక. ఆ సాయంత్రానికి ఒక అర్థం ఉంది. ఆటగాడు ఎవరి కోసం ఆడుతున్నాడో చూసేవానికి తెలుసు.

ఆట పలచబడిన విధం

కాలక్రమాన ఆ అర్థం మరుగున పడింది. పోటీ మిగిలింది. లీగు నడుమ జరిగే ఈ వేడుకలో గాయపడి, తన జట్టుకు నష్టం తేవడానికి ఏ ఆటగాడూ ఇష్టపడడు. అందువల్ల ఢీకొనడం మానివేశారు, అడ్డుకోవడం నామమాత్రమైంది. 2015లో కొలంబస్ నగరంలో జరిగిన పోటీ 17-12 తో ముగిసింది. మొత్తం ఇరవై తొమ్మిది గోల్స్! ఆ పోటీల చరిత్రలోనే అదొక రికార్డు. అయినా జనం మెచ్చలేదు. గోల్ అన్నది అపురూపమైనందువల్లనే దానికి కేకలు వేస్తాము. రెండు నిమిషాల కొకటి వచ్చే గోల్‌కు ఎవరు లేచి నిలబడతారు? అటువంటి ఆటలో గోల్‌కీపరు స్థితి మరీ దయనీయం. కాపలా లేని ఇంటికి తాళంకప్ప వలె అతడొక్కడు నిలబడి ఉంటాడు.

ఈ మాట మనకూ క్రొత్త కాదు. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌కు ముందు జరిగిన అభ్యాస పోటీలో జర్మనీ చేతిలో మన భారత జట్టు 4-1 తేడాతో ఓడింది. నెల తిరగకముందే, ఆగస్టు 15న, పతకం కోసం జరిగిన తుదిపోటీలో ధ్యాన్‌చంద్ నాయకత్వాన అదే జర్మనీపై 8-1 తేడాతో గెలిచింది. ఆటగాళ్ళు ఇంచుమించు వారే. మొదటి దానిలో పందెం లేదు, రెండవ దానిలో ఉంది.

వారు చేసిన చికిత్సలు

ఉత్తర అమెరికా లీగువారు అనేక మందులు వాడి చూశారు. 1990లో నైపుణ్య పరీక్షలు ప్రవేశపెట్టారు: ఎవరు బలంగా కొట్టగలరు, ఎవరు వేగంగా జారగలరు, ఎవరు గురి తప్పక నాలుగు గుర్తులను పగులగొట్టగలరు అన్నవి. 1998 నుండి కొన్నేళ్ళు ఉత్తర అమెరికా వారికీ, తక్కిన ప్రపంచం వారికీ పోటీ పెట్టారు. 2011లో ఇద్దరు నాయకులు అందరి ముందర ఆటగాళ్ళను ఒక్కొక్కరినే ఎన్నుకొనే పద్ధతి తెచ్చారు. అందరికంటె చివర మిగిలిన ఫిల్ కెసెల్‌కు ఓదార్పుగా ఒక కారు బహూకరించారు. నవ్వుకున్నవారు ఉన్నారు, ఆ చివరి కుర్చీలో కూర్చున్నవాని ముఖం చూసి నొచ్చుకున్నవారూ ఉన్నారు.

గుణం చూపిన మందు 2016లో నాష్‌విల్ నగరంలో వచ్చింది. ఒకే పెద్ద పోటీకి బదులు నాలుగు చిన్న జట్లు. ఒక్కొక్క వైపు గోల్‌కీపరు కాక ముగ్గురే ఆటగాళ్ళు. ఇరవై నిమిషాల ఆట. గెలిచిన జట్టుకు పది లక్షల డాలర్లు. మనుషులు తగ్గేసరికి దాగడానికి చోటు లేకపోయింది. ఎవడు పరుగెత్తుతున్నాడో, ఎవడు నిలబడ్డాడో ప్రతి ప్రేక్షకునికీ కనబడసాగింది. విచిత్రమేమిటంటే, ఆనాటి తుదిపోటీ 1-0 తో ముగిసింది. ముందటి ఏడు ఇరవై తొమ్మిది గోల్స్ ఇవ్వలేని ఉత్కంఠను ఈ ఒక్క గోల్ ఇచ్చింది.

ఆ ఏటి కథానాయకుడు జాన్ స్కాట్ అనే సామాన్యుడు. తన వృత్తి జీవితం మొత్తంలో ఐదు గోల్స్ మాత్రమే చేసిన ఆటగాడు. ప్రేక్షకులు పరిహాసానికి ఓట్లు గుప్పించి అతనిని ఎన్నుకున్నారు. తప్పుకొమ్మని సలహాలు వచ్చాయి. అతడు తప్పుకోలేదు, వచ్చి మనసు పెట్టి ఆడి, రెండు గోల్స్ చేశాడు. పరిహసించినవారే అతనిని ఉత్తమ ఆటగానిగా ఎన్నుకున్నారు. సహచరులు భుజాలపై ఎత్తుకున్నారు. తారల నడుమ జనం వెదుకుతున్నది ప్రాణం పెట్టి ఆడే ఒక మనిషిని అని ఆ సాయంత్రం తేలిపోయింది.

2025లో లీగువారు మరొక అడుగు వేశారు. ప్రదర్శన పోటీని ఆ ఏటికి మాని, కెనడా, అమెరికా, స్వీడన్, ఫిన్లాండ్ దేశాల జట్లకు నిజమైన పోటీలు పెట్టారు. ఫిబ్రవరి 20న బోస్టన్‌లో జరిగిన తుదిపోటీలో కెనడా అదనపు సమయంలో 3-2 తేడాతో అమెరికాపై గెలిచింది. ముందు ఏళ్ళలో మెల్లమెల్లగా జారిన తారలే దేశం పేరు మీద ఆడినప్పుడు ఒళ్ళు దాచుకోలేదు.

మన నేల మీది ప్రయోగాలు

మన హాకీ మైదానపు హాకీ. దానిని ప్రేక్షకులకు దగ్గర చేసే యత్నాలు మన రాష్ట్రాల గడ్డ మీదనే జరిగాయి. 2005లో ఆరంభమైన ప్రీమియర్ హాకీ లీగు తొలి పోటీలు హైదరాబాదులోని గచ్చిబౌలిలో జరిగాయి. అప్పటికి అలవాటైన రెండు భాగాల ఆటను నాలుగు భాగాలు చేశారు. నడుమ జట్లు కూడి మాట్లాడుకొనే విరామాలు ఇచ్చారు. తొలి విజేత హైదరాబాద్ సుల్తాన్స్. ఆ లీగు 2008తో ఆగిపోయినా నాలుగు భాగాల పద్ధతి తరువాత అంతర్జాతీయ హాకీలోనూ స్థిరపడింది. 2016లో హాకీ ఇండియా లీగువారు మైదానపు ఆటలో చేసిన గోల్‌ను రెండుగా లెక్కించారు. పెనాల్టీ కార్నర్లపై ఆధారపడక, బంతిని నడిపించుకొంటూ పోయే అందం పెరగాలని వారి ఉద్దేశం. ప్రేక్షకుడు దేనిని ప్రేమిస్తాడో దానికి విలువ పెంచడం తెలివైన పని.

ఇక మన జిల్లా వారంతా గర్వించదగిన ఉదాహరణ ఒకటి కలదు. జట్టుకు ఐదుగురు చొప్పున చిన్న మైదానంలో ఆడే ‘హాకీ ఫైవ్స్’ అనే పద్ధతిలో మహిళలకు తొలి ప్రపంచకప్ 2024 జనవరిలో ఒమాన్ దేశపు మస్కట్ నగరంలో జరిగింది. ఆ పోటీలలో భారత జట్టు నాయకురాలు ఇ. రజని. అప్పటి చిత్తూరు జిల్లాలో, 2022 నుండి తిరుపతి జిల్లాలో ఉన్న ఎర్రావారిపాళెం మండలపు పల్లె ఆమె స్వస్థలం. భారత జట్టుకు అనేక సంవత్సరాలు గోల్‌కీపరుగా ఉన్న క్రీడాకారిణి. తుదిపోటీలో నెదర్లాండ్స్ 7-2 తేడాతో గెలవగా మనకు రజతం దక్కింది.

ఈ పద్ధతిలో పెనాల్టీ కార్నర్లు లేవు. గోల్ చేయడానికి ప్రత్యేకమైన వలయం అవసరం లేదు. మైదానం చిన్నది కావడం వల్ల బంతి ఒక కొస నుండి మరొక కొసకు రెప్పపాటులో చేరుతుంది. పెద్ద మైదానంలో నిమిషాల తరబడి ఎదురుచూసే గోల్‌కీపరు ఇక్కడ ఊపిరి తీసుకోవడానికి కూడా తీరిక లేకుండా ఉంటుంది. వినోదం కోసం కుదించిన ఆటలో గోల్‌కీపరును బొమ్మగా నిలబెట్టనక్కరలేదు, నాయకత్వమే అప్పగించవచ్చు అనడానికి ఇంతకంటె నిదర్శనం ఏమి కావాలి?

అవధానం, ముషాయిరా నేర్పే పాఠం

విదేశాల వారిని చూసి నేర్చుకొనే ముందు మన ఇంటిలో ఉన్నదాన్ని తలచుకోవాలి. మన కళాశాలలో తెలుగు, ఉర్దూ రెండూ వినబడతాయి. ఆ రెండు భాషలలోనూ తారల పోటీలు ఎన్నడో ఉన్నాయి.

అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు అవధానిని పరీక్షిస్తారు. నిషిద్ధాక్షరి అడిగే పృచ్ఛకుడు, అవధాని ఏ అక్షరం వేయబోతున్నాడో ఊహించి దానినే నిషేధిస్తాడు. హాకీలో అడ్డగించే ఆటగాని పని సరిగా ఇదే. ఆ పృచ్ఛకుడు మొగమాటపడి సులభమైన దారి వదిలితే పద్యం పూర్తి కావచ్చును కాని సభ చప్పబడిపోతుంది. అవధానికి అది గౌరవం కాదు. ఇక అప్రస్తుత ప్రసంగి నవ్విస్తాడు. ఆ నవ్వు కూడా అవధాని ఏకాగ్రతను చెదరగొట్టే ఒక పరీక్షే. మన పెద్దలు వినోదాన్ని ఆటకు బయట అతికించలేదు, ఆటలోనే ఒక భాగంగా కూర్చారు.

తరహీ ముషాయిరాలో కవులందరికీ ఒకే పాదం ముందుగా ఇస్తారు. అదే ఛందస్సులో, అదే అంత్యప్రాసలో ప్రతివారూ గజల్ చెప్పాలి. పరీక్ష ఒకటే కనుక ఎవరి ప్రతిభ ఎంతటిదో శ్రోతకు తెలిసిపోతుంది. మంచి షేర్ పడినప్పుడు ‘వాహ్వా’ అంటారు. ‘ముకర్రర్’ అని మళ్ళీ చెప్పించుకుంటారు. శ్రోత మౌనంగా ఉన్న ముషాయిరా ముషాయిరానే కాదు. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతరలోనూ ఇంతే. వేషం వేసి మ్రొక్కు తీర్చుకొనేవాడే మరుక్షణం ప్రక్కవాని వేషం చూసే ప్రేక్షకుడు.

వీటి సారం మూడు మాటలలో చెప్పవచ్చు. పరీక్ష నిజమైనదిగా ఉండాలి. దాని కష్టం చూసేవానికి తెలియాలి. చూసేవానికి అందులో కొంత పాలు ఉండాలి.

మన మైదానానికి కొన్ని సూచనలు

పై విషయాలను దృష్టిలో ఉంచుకొని క్రీడా సంఘం వారికి ఈ క్రింది సూచనలు సవినయంగా సమర్పిస్తున్నాము.

మొదటిది: మైదానంలో సగం మాత్రమే వాడి, జట్టుకు ఐదుగురు చొప్పున, పది నిమిషాల భాగాలు నాలుగు ఆడించాలి. తరగతి బెంచీలను అడ్డంగా పడుకోబెడితే అంచులకు తట్టి బంతి తిరిగి వస్తుంది. మన ఎర్రమట్టి నేలపై బంతి ఎగిరిపడుతుంది కనుక, బంతిని పైకి లేపి కొట్టడం నిషేధించి, త్రోయడం మాత్రమే అనుమతించాలి. గోల్‌కీపరుకు పూర్తి రక్షణ సామగ్రి లేనిదే ఆట ఆరంభించరాదు.

రెండవది: పూర్వ విద్యార్థులు ఒక వైపు, ప్రస్తుత విద్యార్థులు మరొక వైపు అన్న విభజన మానాలి. నాలుగు జట్లు చేసి ప్రతి జట్టులోనూ ఇరువురినీ కలపాలి. అప్పుడు పెద్దవారిని అడ్డగించవలసినవాడు పెద్దవాడే అవుతాడు. మొగమాటానికి తావు ఉండదు. నాయకులు అందరి ముందర ఎన్నుకొనే పద్ధతి వేడుకగా ఉంటుంది కాని, చివర మిగిలే విద్యార్థికి ఇవ్వడానికి మన వద్ద కార్లు లేవు. కనుక చీట్లు వేసి జట్లను నిర్ణయించడమే మేలు.

మూడవది: ఆటకు ఒక పందెం ఉండాలి. అది డబ్బు కానక్కరలేదు. ఆ రోజు వసూలైన విరాళాలు గెలిచిన జట్టు పేరున చేరవలసిన చోటుకు చేరాలి: పేద విద్యార్థులకు కర్రలు, బూట్లు కొనడానికో, ఆటలో గాయపడినవారి వైద్యానికో. బెయిలీ కోసం ఆడిన పోటీ తొంభై ఏళ్ళ తరువాత కూడా జ్ఞాపకం ఉన్నది ఇందువల్లనే.

నాల్గవది: భాగాల నడుమ విరామాలలో నైపుణ్య పరీక్షలు పెట్టాలి. ప్రశ్న ప్రేక్షకులలో నుండి రావాలి. ‘ఐదు కొబ్బరిచిప్పల నడుమ బంతిని తగలకుండా నడిపించు’, ‘ఎడమ వైపు నుండి కర్ర త్రిప్పి గోల్ చేయి’ అని పృచ్ఛకులు అడగాలి. అందరికీ ఒకే పరీక్ష, తీర్పు చప్పట్లది. ఆట వ్యాఖ్యానం ఒక భాగం తెలుగులో, ఒక భాగం ఉర్దూలో సాగాలి. ఆ వ్యాఖ్యాత అప్రస్తుత ప్రసంగి పాత్ర కూడా పోషించవచ్చు.

ఐదవది: ప్రతి జట్టులో ఒక స్థానం విద్యార్థుల ఓటుకు వదలాలి. ఎన్నికైనవారు పోటీకి ముందు వారం రోజులు అభ్యాసానికి తప్పక రావాలన్నది నియమం. పరిహాసానికి ఎన్నికైనవాడు పట్టుదలతో ఆడితే అంతకు మించిన దృశ్యం ఉండదు.

ఆరవది, మా మనసుకు దగ్గరైనది: విద్యార్థినుల పోటీని ఎండ నడినెత్తిన ఉన్న వేళ, ముఖ్య అతిథి రాకముందు ముగించే పద్ధతిని ఇకనైనా విడవాలి. ప్రపంచకప్ తుదిపోటీకి భారత జట్టును నడిపించిన నాయకురాలు పుట్టిన ప్రాంతంలో, ఆడపిల్లల ఆటకు ఖాళీ బెంచీలు ప్రేక్షకులు కావడం మనకు శోభించదు. రెండు పోటీలూ సాయంత్రమే, ఒకదాని వెంట ఒకటి జరగాలి. ఉత్తమ గోల్‌కీపరుకు ప్రత్యేక బహుమతి ఉండాలి.

చివరిది చెప్పడానికి కొంత సంకోచిస్తున్నాము. ఆట నడుమ ఉపన్యాసాలు ఐదు నిమిషాలకు మించరాదు. గత పోటీ విరామంలో మూడు ఉపన్యాసాలు జరిగాయి. లేచిపోయినవారందరూ ఆటను చూసి లేచిపోయారని చెప్పలేము.

ఈ సూచనలకు అయ్యే ఖర్చు చాల తక్కువ. బెంచీలు మనవే, కొబ్బరిచిప్పలు వసతిగృహపు వంటశాలవే. కావలసినది ఆటగాళ్ళ అంగీకారం ఒక్కటే: ఎదుటివానిని గౌరవించడమంటే దారి వదలడం కాదని, నిబంధనలకు లోబడి నిజంగా అడ్డగించడమని. ఒక్క ఏడు ఈ విధంగా నడిపి చూసి, అప్పటికీ వేపచెట్ల నీడలు ఖాళీ అయితే, పోటీని తొలగించాలన్న తీర్మానానికి మేమే ముందుగా చేయి ఎత్తుతాము.